అవ్వ చదివిన ఎక్స్‌రే

ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. పోయినేడు పెనుకొండ దగ్గర స్కూటర్ మీదనుంచి పడి, మగ్గం తొక్కే కుడికాలి ఎముక విరిగింది. హిందూపురం ఆస్పత్రిలో కట్టు విప్పిన రోజు ఎక్స్‌రే చూస్తే, విరిగినచోట పెద్ద బుడిపె! ఎముక వంకరగా అతికిందని, ఇక మగ్గం ఎక్కలేనని అందరి ముందూ భోరుమన్నాను.

డాక్టరు నోరు తెరిచేలోపే, మగ్గాల మీది పాత పడుగు దారాల కొసలకు కొత్త పోగులు అతికే మా అవ్వ కసిరింది. "ఎందుకే ఏడుస్తాండావు? పోగుకు పోగు అతికినకాడ లావుగా ఉండదా? గట్టిగా పట్టుకోనుండాదిలే."

"సరిగ్గా చెప్పినావవ్వా! అది కొత్త ఎముకే. రానురానూ అరిగి సన్నబడతాది. యాడ చదివినావు?" అన్నాడు డాక్టరు.

"బడి మొగమే చూడలేదప్పా" అంది అవ్వ, కొంగు సర్దుకుంటూ.

ఆ ఏడుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కానీ ఆ కాలితో నేసిన మొదటి చీరకు పడుగు అతికింది అవ్వే. దాన్ని అమ్మలేదు, ఆమెకే కట్టించాను.