పుస్తకాలకు కారం అంటిన ఏడాది

పోయిన నెల గుంటూరులో పిల్లల పుస్తకాల ప్రదర్శన పెట్టారని తెలిసి మా అక్క కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు. ఒక బల్ల నిండా కొత్తగా వచ్చిన పుస్తకాలు పరిచి ఉన్నాయి. నున్నటి కాగితం, పేజీ నిండా బొమ్మ, బొమ్మ కింద రెండే రెండు వాక్యాలు. మా చిన్నప్పుడు ఇలాంటివి ఉంటే ఎంత బాగుండేదని నేను అనుకునే లోపే అది ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం మీద చెయ్యి వేసింది. బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, "చేతులు కడుక్కున్నావా పాపా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, మర్యాదగానే అన్నాడు. నేను మాత్రం ఆయన మీద విరుచుకుపడ్డాను. చేతులు చూసి పుస్తకాలు అమ్ముతారా, ముట్టుకోకుండా చదవడం ఎలాగో మీరే నేర్పండి అని మొదలుపెట్టి ఇంకా ఏమేమో అన్నాను. పక్క బల్లల దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. అక్క కూతురు నా కొంగు లాగి, "పిన్నీ, ఇందాక బజ్జీలు తిన్నాంగా, నిజంగానే నూనె ఉంది" అని చెవిలో చెప్పింది. ఆయనకు క్షమాపణ చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా రెండు పుస్తకాలు కొని బయటపడ్డాను. నా కోపం ఆయన మీద కాదు. అది ఆయనకు తెలిసే అవకాశం లేదు.

మాది అద్దంకి దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, కాస్త పొగాకు. నేను ఏడో తరగతి చదివే రోజులకు, అంటే తొంభైలు ముగిసిపోతున్న రోజులకు, మా ఊళ్ళో పుస్తకమంటే పాఠ్యపుస్తకం, దాని పక్కన గైడు. మూడోది ఏదైనా ఉందంటే అది పంచాంగం. మా బడిలో గ్రంథాలయం ఉండేదని ఇప్పటికీ కొందరు చెబుతారు. నేను చూసింది హెడ్మాస్టరుగారి గదిలో ఒక ఇనప బీరువా, దాని నెత్తిన సగం దేశాలు ఊడిపోయిన గ్లోబు. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలిసేది కాదు. మా నాన్న స్కూలు కమిటీ చైర్మన్. ఊళ్ళో వాళ్ళు 'చైర్మన్ గారూ' అని పిలిస్తే, ఎంత పనిలో ఉన్నా ఆగి మాట్లాడేవాడు. బడికి రెండు ఫ్యాన్లు పెట్టించాడు, గోడకు సున్నం వేయించాడు. బీరువాలో ఏముందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడగాలన్న ఆలోచన ఆయనకే కాదు, ఎవరికీ రాలేదు.

ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత కొత్త తెలుగు టీచరుగారు వచ్చారు. ఒంగోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. ఒక సోమవారం భుజం వంగిపోయేలా సంచి మోసుకొచ్చి బల్ల మీద కుమ్మరిస్తే అన్నీ పిల్లల పుస్తకాలు, నలభై దాకా ఉంటాయి. బీరువా అడిగితే తాళంచెవి దొరకలేదన్నారు. ఆవిడ ఏమాత్రం చలించకుండా, మిరప బస్తాల మూతులు కుట్టే పురికొస ఎవరింట్లో ఉందో తెమ్మని, వరండా స్తంభాల మధ్య దండెం కట్టి, పుస్తకాలన్నీ మధ్యకు తెరిచి బట్టలారేసినట్టు ఆరేశారు. మేము చుట్టూ మూగాం కానీ ఒక్కరూ చెయ్యి చాపలేదు. "చూస్తారేంటి, తీసుకోండి. చిరిగితే అతికిద్దాం" అన్నారు. చిరిగితే అతికిద్దాం అనే మాట ఒక టీచరు నోట వినడం మాకు అదే మొదలు.

వాటిలో ఏముందో ఇప్పుడు చెబితే చిన్న సంగతే అనిపిస్తుంది. పిచ్చుక గూడు ఎన్ని రోజులు కడుతుందో, చుక్కలు పగలు ఎక్కడికి పోతాయో. ఇంకొకదానిలో బావి ఎక్కడ తవ్వాలో ఊరి పెద్దలతో వాదించిన పిల్లలు. ఆ పుస్తకాల్లో పిల్లలు అడుగుతుంటే పెద్దవాళ్ళు 'నాకు తెలియదు' అనేవాళ్ళు. మొదటిసారి చదివినప్పుడు అది అచ్చుతప్పు అనుకున్నాను. మా ఊళ్ళో తెలియని పెద్దవాడు అప్పటికి నాకు తగల్లేదు.

నా పక్కన కూర్చునే పిల్ల మా పొలానికి మిరపకోతలకు వచ్చే ముఠామేస్త్రి కూతురు. తెల్లవారుజామున వాళ్ళ నాన్న వెంట కోతకెళ్ళి, బడి గంటకు పరుగెత్తుకొచ్చేది, సాయంత్రం మళ్ళీ చేలోకే. మేమిద్దరం ఒకే పుస్తకం మీద పడ్డాం. ఏరు ఎక్కడ పుడుతుందో చూడాలని తాతతో పడవెక్కి ఎదురు ప్రయాణం చేసే ఒక పిల్ల కథ అది. ఒక్కటే ప్రతి. పగలు దానికి, సాయంత్రం నాకు అని టీచరుగారు తగవు తీర్చారు. మధ్యాహ్నం గంటలో అది గోడవార కూర్చుని చదివేది. పండుమిరప కోసిన చేతులు మజ్జిగతో కడిగినా, ఆముదం రాసినా ఆ పూటకు మంట పోదు. అందుకని పేజీని వేలితో తాకేది కాదు. పుస్తకం బల్ల మీద పెట్టి చీపురుపుల్లతో తిప్పేది. ఎందుకే ఆ తిప్పలని అడిగితే, "కారం అంటితే నీకు మండుద్ది గదే" అంది. నూట నలభై పేజీల పుస్తకం. అయిపోతుందేమోనని రోజుకు నాలుగు పేజీలకు మించి చదివేది కాదు. నేనేమో రోజుకు ముప్పై పేజీలు నమిలే రకం, అయినా అది చదివిన చోటుకు మించి పోకుండా ఆగి, మళ్ళీ మొదటికొచ్చి చదివేదాన్ని. కలిసి చివరికి వెళ్ళాలని మా ఇద్దరి ఒప్పందం.

దానికి ఇంకా పదకొండు పేజీలు మిగిలాయనగా ఒక సాయంత్రం నాన్న కళ్ళం నుంచి వచ్చాడు. పొద్దుటి నుంచి ఎండుమిరపలో రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తూ, తనూ ఏరుతూ కూర్చున్న మనిషి. నా చేతిలో పుస్తకం చూసి లాక్కున్నాడు. మొదటి పేజీ చూశాడు. వేలు నాలుకకు తాకించుకుంటూ ఒక్కో పేజీ చివరిదాకా తిప్పాడు. నలభై ఏళ్ళు మిరప పండించిన నాలుక, దానికి కారం తెలియదు. చివరి అట్ట కూడా తిరగేసి, "ప్రశ్నలేవే? ప్రశ్నలు లేకుండా పుస్తకమేంది, పరీక్షలో ఏం రాస్తావు?" అన్నాడు. నవ్వాను. పుస్తకం ఇచ్చేసి కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాడు.

పది నిమిషాల్లో నేను కళ్ళు నలుపుకున్నాను. తర్వాత ఇల్లంతా నా కేకలే. నాయనమ్మ చన్నీళ్ళతో కడిగి, పాలలో ముంచిన గుడ్డ కళ్ళ మీద వేసింది. ఏం ముట్టుకున్నావంటే పుస్తకం అన్నాను. పగలు ఎవరి దగ్గరుంటుందంటే దాని పేరు చెప్పాను. అడిగిన దానికి జవాబు చెప్పాను, అంతే. "కోతల పిల్లల చేతికి పుస్తకాలిస్తే ఇంతే" అన్నాడు నాన్న. తెల్లారి మంట తగ్గాక పుస్తకం తీసి చూస్తే, ఆ పిల్ల ఇంకా చేరుకోని చివరి పేజీల్లోనూ కారం ఘాటు ఉంది. వెనక అట్ట మీద ఎర్రటి వేలిముద్ర ఉంది. నా బొటనవేలు పెట్టి చూసుకున్నాను. నా వేలికి రెండింతలు. అది ఎవరిదో నాకు తెలిసిపోయింది. అప్పుడే నాన్న వచ్చి ఆ పుస్తకం చంకన పెట్టుకుని బడికి బయలుదేరాడు. నేను నోరు తెరవలేదు.

ఆ పూట జరిగినది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. హెడ్మాస్టరుగారు ఏడో తరగతిని వరండాలో నిలబెట్టి, చేతులు చాపమని, ఒక్కొక్కరి చేతులూ వాసన చూసుకుంటూ వెళ్ళారు. మిరప ఊళ్ళో, మిరపకోతల నెలలో, పిల్లల చేతులు వాసన చూడటం. మధ్యలో మూడుసార్లు తుమ్మారు. ఇంకోరోజైతే పడీ పడీ నవ్వేవాళ్ళం. కోతలకెళ్ళే పిల్లలు పదిహేను మంది ఒక పక్కకు వెళ్ళారు. నా చేతుల దగ్గరికి వచ్చేసరికి, "నువ్వు కూర్చోమ్మా, కళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నారు. ఆ పిల్ల మాత్రం గట్టిగానే చెప్పింది. "మాస్టారూ, నేను చేత్తో ముట్టుకోలేదండీ. పుల్లతో తిప్పానండీ." పుల్లతో చదవడమేంటని ఎవరో కిసుక్కుమన్నారు. అది నా వైపు చూసింది. పుల్ల సంగతి చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను కళ్ళు నొప్పిగా ఉన్నట్టు గుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

టీచరుగారు ఒక్కరే ఎదురు మాట్లాడారు. "వాళ్ళ చేతులకి ఆ కారం ఎక్కడిదండీ? చైర్మన్ గారి పొలంలోదేగా" అన్నారు. నాన్న అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. హెడ్మాస్టరుగారు, "మీరు కొత్త, మీకు తెలీదు" అని, అప్పటిదాకా దొరకని తాళంచెవి జేబులోంచి తీశారు. దండెం మీది పుస్తకాలన్నీ బీరువాలోకి వెళ్ళాయి. కోతలైపోయాక చూద్దామన్నారు. కోతలయ్యాక పరీక్షలు, పరీక్షలయ్యాక సెలవులు. బడి మళ్ళీ తెరిచేసరికి టీచరుగారికి బదిలీ అయింది. ఆ పుస్తకాలు ఏమయ్యాయో నాకు తెలియదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి రెండు రోజులకే హెడ్మాస్టరుగారు తడిగుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి మా ఇంటికి పంపారు. 'మన అమ్మాయి సగంలో ఉంది కదా, చదువుకోనివ్వండి' అన్నారట. నేను చదివాను. పదకొండు పేజీలూ చదివాను. ఒప్పందం గుర్తుండే చదివాను.

తర్వాతి ఆదివారం చేలోకి మజ్జిగ తీసుకెళ్ళాను. అది సాళ్ళ మధ్య వంగి కోస్తోంది. బడికి రావడం మానేసిందప్పటికి. పుస్తకాలు ముట్టుకోనివ్వనప్పుడు ఈ కోతల్లో పిల్ల అక్కడ కూర్చుని చేసేదేముందని వాళ్ళ నాన్న పూర్తిగా పనిలో పెట్టుకున్నాడు. నన్ను చూసి నడుం ఎత్తి, మెల్లగా అడిగింది. "ఏమే, ఆ పిల్లకి ఏరు పుట్టే చోటు దొరికిందా?" దొరికిందని చెబితే పుస్తకం మా ఇంటికి వచ్చిందని చెప్పాలి. ఎందుకొచ్చిందో చెప్పాలి. అట్ట మీది వేలిముద్ర దాకా చెప్పుకుంటూ పోవాలి. "నాకేం తెలుసు, బీరువాలో పెట్టారుగా" అన్నాను. అది సరేనని తల ఊపి మళ్ళీ వంగింది. కోతలైపోయినా అది బడికి రాలేదు.

పన్నెండేళ్ళ పిల్లను, భయపడ్డాను అని నాకు నేను చెప్పుకుని చూశాను. అది నిజమే కానీ చాలలేదు. పదిహేనేళ్ళప్పుడూ చెప్పలేదు, పాతికేళ్ళప్పుడూ చెప్పలేదు. నాన్నతో మాత్రం ఒకసారి తెగించి అన్నాను, ఆ కారం నీ చేతిదే నాన్నా అని. "ఎప్పటి సంగతో ఇప్పుడు తవ్వుతావేందే" అని టీవీ సౌండు పెంచాడు. పిల్లలు పుస్తకాలు చదవడం లేదని సభల్లో బాధపడే పెద్దల్ని చూసినప్పుడల్లా నాకు లేచి ఏదో ఒకటి విసిరికొట్టాలనిపిస్తుంది. చదివే పిల్లను వరుసలోంచి పక్కకు లాగిన వాళ్ళను నేను చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడేళ్ళ కిందట అద్దంకి బస్టాండులో ఎవరో నా భుజం తట్టారు. అదే. ఇప్పుడు తనే ముఠామేస్త్రి. పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని కోతలకు బయలుదేరింది. నేను గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. అది మాత్రం మొదటి మాటే, "నీ కళ్ళు బాగున్నాయా ఇప్పుడు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "అదే, చిన్నప్పుడు నా చేతుల కారం పడిందిగా నీ కళ్ళల్లో. ఎంత ఏడ్చావో అనేవాళ్ళు మా నాన్నావాళ్ళు. పుల్లతోనే తిప్పా, ఎట్టా అంటిందో నాకు ఇప్పటికీ తెలీదు" అంది. నేను ఏమీ అనకముందే నవ్వుతూ చెప్పుకుపోయింది. "నా పిల్లలు బళ్ళోంచి కథల పుస్తకాలు తెచ్చినా కోతల నెలల్లో తిరిగిచ్చెయ్యమనేదాన్ని. మళ్ళీ ఎవరి పిల్లల కళ్ళు మండుతాయో అని."

అప్పుడు చెప్పాను. బస్టాండులో, జనం మధ్యలో, నిలబడి అంతా చెప్పాను. నాన్న పేజీలు తిప్పడం, వేలిముద్ర, పుస్తకం మా ఇంటికి రావడం, చేలో ఆడిన అబద్ధం. ఏరు పుట్టే చోటు ఆ పిల్లకు దొరికిందని కూడా చెప్పాను. అది కోప్పడితే బాగుండు, నాలుగు మాటలు అంటే బాగుండు అనుకున్నాను. అది అలా వింటూ నిలబడి తన అరచేతులు ఒకసారి చూసుకుంది.

"అప్పుడే చెప్పొచ్చుగా" అంది. బస్సు రావడంతో ఆడవాళ్ళను ఎక్కించి, తనూ ఎక్కింది.

ఆ ఉదయం బడి వరండాలో ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం సరిపోయేది. ఇరవై రెండేళ్ళు తీసుకున్నాను, ఈలోగా దాని పిల్లలకు కథల పుస్తకాలు చదివే వయసు కూడా దాటిపోయింది.