గంజి పట్టుకున్న ఎరుపు

కోరుట్లలో బట్టల దుకాణం నడిపే మనిషి ఒకప్పుడు నా దగ్గర కెమిస్ట్రీ చదువుకున్నాడు. మొన్న ఆషాఢంలో పెన్షన్ పని మీద అక్కడికి వెళ్తే, దారిన పోతున్న నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. తర్వాత బల్ల కింద నుంచి ఒక మూట తీశాడు. అందులో పదకొండు తువ్వాళ్ళు. తెల్లటి నేత, అంచుకు ఎర్ర పట్టీ. కానీ తెలుపు ఎక్కడా మిగలలేదు. ఎరుపు దిగి అన్నీ గులాబీ రంగుకు తిరిగాయి.

"కొన్నోళ్ళు తెచ్చి ముంగట వడేసిండ్రు మేడం. మీ వదినెకు జెప్పుడు నాతోని కాదు. మీరే జెప్పుండ్రి."

"ఎన్ని ఉతుకులకు?"

"ఒక్కటే. వేడినీళ్ళల్ల నానవెట్టిండ్రట."

మూట ఒళ్ళో పెట్టుకుని, నేనుండే జగిత్యాలకు బస్సెక్కాను. వదినె అంటే మా అన్న భార్య. సిరిసిల్లలో ఉంటుంది. అన్న పోయిన తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు సిమెంటు తొట్లు, ఒక పొయ్యి పెట్టుకుని పత్తి నూలుకు రంగు వేస్తోంది. పక్క వాడలో ఒక ముసలాయన ఆ నూలుతో చేతిమగ్గం మీద తువ్వాళ్ళు నేసి కోరుట్ల దుకాణానికి పంపుతాడు. వదినె కూతురు ముంబై దగ్గరి భివండిలో ఉంది. ఏటా రమ్మని పిలుస్తుంది. పని సాగినన్ని రోజులు రానని వదినె ఏటా చెబుతుంది.

నేను పెళ్ళి చేసుకోలేదు. నెలకు రెండు ఆదివారాలు, రెండోది, నాలుగోది, వదినె దగ్గరికి వెళ్తాను. తక్కిన రోజుల్లో నా మాటలన్నీ పాలవాడితో, మందుల దుకాణంలో అయిపోతాయి. రంగు నిలవకపోతే పని ఆగుతుంది, పని ఆగితే వదినె భివండి పోతుంది. ఈ లెక్క బస్సు కోరుట్ల దాటకముందే తేలిపోయింది.

ఆ వారమంతా నేను సబ్బునే అనుమానించాను. దానికి కారణముంది. ఉద్యోగానికి ముందు నేను చేసిన పరిశోధన సబ్బు ద్రావణాల్లో జరిగే రసాయన చర్యల మీద. ఒక ఊదారంగును సోడా నీళ్ళలో వేస్తే అది మెల్లగా వెలిసిపోతుంది. అదే నీళ్ళలో ఒక రకం సబ్బును తగినంత కలిపితే, సబ్బు అణువులు గుంపులు కట్టి రంగునూ క్షారాన్నీ దగ్గరికి చేరుస్తాయి. వెలిసిపోవడం ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. వదినె నూలును ముందుగా కుంకుడు రసంలో ఉడకబెడుతుంది. ఆ నురుగు నూలులో మిగిలిపోవడంతో, రంగు పత్తిని పట్టకముందే నీళ్ళతో కలిసి చెడిపోతోందని లెక్క వేసుకున్నాను.

ఆదివారం మూటతో దిగేసరికి వదినె గుమ్మంలోనే ఉంది.

"ఏం పంతులమ్మా, గా మూటేంది? ఎన్నడు లేంది నాకు సారె తెచ్చినవా?"

"విప్పి చూడు."

విప్పింది. ఒక్కో తువ్వాలునూ తీసి, మడత పెట్టి, పక్కన పెట్టింది.

"గిన్నేండ్లల్ల గిట్ల ఎన్నడు కాలే," అంది చివరికి.

నా సబ్బు సంగతి చెప్పాను. ఒక చిలప, అంటే చుట్టిన నూలు కట్ట, తీసుకుని, కుంకుడు జిగట చేతికి తగలకుండా పోయేదాకా మంచినీళ్ళలో జాడించాం. ఉప్పు తూచాను, సోడా తూచాను, వేడి చూశాను. ఎరుపు ముచ్చటగా ఎక్కింది. ఆరబెట్టి వేడినీళ్ళలో ముంచితే నీళ్ళు ఎర్రబడ్డాయి.

"నీ సదువు సుత నా నూలు లెక్కనే ఉన్నది," అంది వదినె. "నీళ్ళు తాకంగనే దిగుతున్నది."

రంగు వేయని చిలప ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అది బిరుసుగా ఉంది. పత్తి చిలప అలా ఉండదు.

"ఈ నూలు ఎక్కడిది?"

"సొసైటీల నూలు వస్తలేదు గదా. సాంచాల షెడ్డుల బీముల మీద మిగిలిందట, గది చిలపలు జుట్టి ఇచ్చిండ్రు. మంచి గట్టి నూలు."

సాంచాలంటే మరమగ్గాలు. వాటిలో పడుగు చుట్టే బీము మీదికి ఎక్కే నూలుకు ముందుగానే గంజి పట్టిస్తారు. నేను లేచి మందుల దుకాణానికి వెళ్ళి, గాయాలకు రాసే అయోడిన్ సీసా కొన్నాను. నీళ్ళలో పలచన చేసి ఒక చుక్క నూలు మీద వేశాను. చుక్క నల్లబడి, అంచుల్లో నీలంగా విచ్చుకుంది.

"ఏందది?"

"గంజి, వదినే."

"కుంకుడుతోని అంతసేపు ఉడికిస్తి కదా?"

"కుంకుడు జిడ్డును తీస్తుంది. గంజిని తీయదు."

వివరంగా చెప్పాను. పత్తి నూలంటే గ్లూకోజు పూసలు గుచ్చిన పొడుగాటి దండ. సోడా వేసినప్పుడు రంగు ఆ పూసల చేతులు పట్టుకుని వాటిలో భాగమైపోతుంది. గంజిలో ఉన్నవీ అవే పూసలు, గుచ్చిన తీరు మాత్రం వేరు. రంగుకు ఆ తేడా తెలియదు. పైన గంజి ఉంటే గంజినే పట్టుకుంటుంది, గంజి వేడినీళ్ళకు కరిగినప్పుడు దానితోపాటే పోతుంది.

వదినె నవ్వింది. "పుట్టినకాడికెంచి నూలుకు గంజి వెట్టుడే నేర్సినం. తీసుడు ఎవ్వలు నేర్పుతరు? నేసెటి సాలోల్లకు గంజి జూస్తే పాణం నిమ్మలమైతది."

గంజిని విడగొట్టే పదార్థం మొలకెత్తిన గింజల్లో ఉంటుంది. జొన్నలు నానబెట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, దంచాలి. అందుకని నేను అక్కడే ఉండిపోయాను. ఆమె చీరలే కట్టుకున్నాను. పొద్దున ఇద్దరం మొలకలు చూసేవాళ్ళం. నేను స్కేలు పెట్టి కొలిచేదాన్ని, ఆమె ఎగతాళి చేసేది. ఇద్దరికి సరిపడా బియ్యం ఎన్ని పోయాలో నాకు కొత్తగా లెక్క కట్టుకోవలసి వచ్చింది. ఆ పిండిని చేయి తాళేంత వేడినీళ్ళలో కలిపి నూలు నానబెట్టాం. సాయంత్రం అయోడిన్ చుక్క నూలు మీద పసుపుగానే ఉండిపోయింది. మర్నాడు రంగు వేశాం. సబ్బునీళ్ళలో మరగబెట్టాం. మూడో జాడింపుకు నీళ్ళు తేటగా వచ్చాయి. వదినె ఆ నీళ్ళను స్టీలు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇగ బిడ్డకు ఫోన్ జేస్త," అంది. "భివండి బస్సుకు టికెట్ తియ్యుమని."

"రంగు నిలిచింది కదా?"

"నిలిచినంకనే పోవాలె. గా మూట రాకముందే పోదామనుకున్న. మోకాళ్ళు సచ్చినయి. మూట జూసినంక ఆగిన. రంగు ఆపరాక పారిపోయిందంటరు."

"నాకు ముందే చెప్పొచ్చు కదా."

"ఎట్ల జెప్పాలె? స్కేలు వట్టుకొని మొలకలు కొలుస్తుంటే ఎంత సంబురంగ ఉంటివి." గ్లాసు కింద పెట్టింది. "నువ్వు సుత రారాదు?"

"అక్కడ నాకేం పని?"

"ఈడ ఏం పనున్నది?"

నేను మిగిలిన సోడాను డబ్బాలో పోసి మూత పెట్టాను.

ముసలాయన కొత్త తువ్వాళ్ళు నేసి కోరుట్ల పంపాడు. రంగు దిగలేదని దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. శ్రావణం ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం వదినె భివండి బస్సెక్కింది. కిటికీలోంచి, "ఇగ నూలు కొంటే ఎసొంటిదో ముందుగాల జూడుమని ముసలాయినెకు జెప్పు," అంది. చెబుతానన్నాను. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పి, జగిత్యాల బస్సెక్కాను.

పక్క సీట్లో ఒకామె కూర్చుంది. సిరిసిల్లలో ఎవరున్నారని అడిగింది. ఎవరూ లేరని చెప్పి, తర్వాత నూలు సంగతి మొదలుపెట్టాను. గులాబీ తువ్వాళ్ళు, కుంకుడు రసం, బిరుసు చిలప. "గట్లనా," అంది ఆమె. ఇంకోసారి కూడా అంది. వేములవాడ రాగానే సంచి సర్దుకుని దిగిపోయింది. నేను అప్పటికి అయోడిన్ చుక్క దాకానే వచ్చాను.