అక్క కోసం గీసిన తూము

పోయిన వారం మా బాత్రూములో పాత టైల్సు తీయించి కొత్తవి వేయిస్తుంటే, కోరుకొండ నుంచి రోజూ బండి మీద వచ్చే ప్లంబరు ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు విప్పి, అందులోంచి తళతళలాడే స్టీలు జాలీ ఒకటి తీసి, తనే కనిపెట్టినంత సంబరంగా చేత్తో తిప్పి చూపించాడు. ఇటు తిప్పితే పైకి లేస్తుందండి, అటు తిప్పితే దిగుతుందండి, టైలు ఎంత మందమైనా నేలతో సమానంగా కూర్చుంటుందండి, కొత్తగా వచ్చిన మోడలండి అన్నాడు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, బోర్లించి, లోపలి మరలు వేలితో తడిమి చూసి, బావుంది నాయనా, పెట్టెయ్యి అన్నాను. అంతకుమించి ఏం చెప్పను? దీన్ని నేను కుర్రతనంలోనే గీసి, పోత పోయించి, ఒక ఇంట్లో బిగించానని చెబితే, పెద్దాయనకి ఎండదెబ్బ తగిలిందనుకుని మా అమ్మాయికి ఫోన్ చేసి ఉండేవాడు. అతను పని చేసుకుంటూ ఉంటే నేను కుర్చీ జరుపుకుని గుమ్మం బయట కూర్చున్నాను గానీ, మనసు మటుకు నిడదవోలులో మా పాత ఇంటికి వెళ్ళిపోయింది.

తూము అనగానే మన వైపు వాళ్ళకి పొలం తూమే ముందు గుర్తొస్తుంది. నేను చెప్పేది స్నానాలగది మూల నీళ్ళు పోయే తూము సంగతి. మన ఈడు వాళ్ళకి తెలుసు, అప్పట్లో ఇల్లు కట్టుకునేవాళ్ళు గుమ్మాల గురించి నెల రోజులు ఆలోచించేవారు, తూము గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించేవారు కాదు. నీళ్ళు ఎటు పోవాలండీ అని తాపీ మేస్త్రి అడిగితే ఈశాన్యం అనేవారు, అంతటితో సరి. మేం ఆదివారం ఆదివారం లూథరన్ చర్చికి వెళ్ళే వాళ్ళమే అయినా, మా నాన్నగారు కూడా ఎందుకైనా మంచిదని ఈశాన్యమే అన్నారట. అమ్మ ఆ మాట చెప్పి నాన్నగారిని ఆయన ఉన్నన్నాళ్ళూ ఆటపట్టించింది.

మా పేట అంతా నల్లమట్టి. వేసవిలో నీళ్ళు ఆపి కాలవ కట్టేశారంటే నెల తిరిగేసరికి నేల బీటలు తీసి కుంగిపోయేది. మళ్ళీ కాలవ వదిలి, నాలుగు వానలు పడ్డాయంటే నానిన మినపప్పులా ఉబ్బేది. దానితో పాటే ఇంట్లో గచ్చు కూడా ఓ బియ్యపు గింజంతో, ఒక్కోసారి చిటికెనవేలి మందమో లేస్తూ దిగుతూ ఉండేది. తూము గొట్టం మటుకు లోతుగా ఇటుకల దిమ్మె మీద ఉండటంతో ఉన్నచోటే ఉండేది. అందుకని మా స్నానాలగదిలో తూము వేసవిలో నేలకి పైన బొడిపెలాగా, వానాకాలంలో నేలకి కింద గుంటలాగా ఉండేది. ఇందులో మాకు వింతేమీ కనిపించేది కాదు. వంటగది తలుపు వానాకాలం బిగుసుకుపోవడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలు, ఒక్క మా అక్కకి తప్ప.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మూడో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కర్ర పట్టుకునేది కాదు, ఆ పాదాన్ని నేల మీద ఈడ్చుకుంటూ, కుడిచేత్తో గోడో బల్లో అందిపుచ్చుకుంటూ ఇల్లంతా చక్కబెట్టేది. మిషన్ స్కూల్లో టీచరమ్మగా చేరాక రిక్షా ఎక్కకుండా నడిచే వెళ్ళేది. దారిలో ప్రతి మిట్టా ఆ పాదానికి కంఠతా వచ్చు. ఎవరైనా అయ్యో పాపం అన్నారంటే మటుకు మొహం చిట్లించి, అంతకంటే వేగంగా నడిచేది. ఆ పొగరంటే నాకు ఎంత ఇష్టమో.

ఒక ఏడు కాలవ వదిలిన పది రోజులకి, అక్క నీళ్ళు పోసుకుంటూ ఆ తూము గుంటలో బొటనవేలు తగులుకుని బోర్లా పడింది. లోపల గడియ పెట్టి ఉంది. అమ్మ తలుపు బాదింది, నేను భుజంతో గుద్దాను, చివరికి పక్కింటాయన గునపం తెచ్చి పెళ్ళగిస్తే గానీ తలుపు రాలేదు. అప్పటికి అక్క ఎలాగో చీర మీదకి లాక్కుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మణికట్టు విరిగింది, నుదురు చిట్లింది. అవేవీ కాదు, పక్కింటాయన చేతిలో గునపంతో గుమ్మంలో నిలబడటం చూసి అక్క కళ్ళు మూసుకుంది చూశారూ, అది నేను ఈనాటికీ మరిచిపోలేదు.

చెయ్యి అతుక్కుంది గానీ ఆ రోజు నుంచి అమ్మ కొత్త నియమం పెట్టింది. అక్క నీళ్ళు పోసుకునేటప్పుడు గడియ పెట్టకూడదు, అమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. నలభై మంది పిల్లల్ని కనుసైగతో కూర్చోబెట్టే టీచరమ్మ, రోజూ పొద్దున్నే కన్నతల్లి కాపలాలో నీళ్ళు పోసుకోవలసి వచ్చింది. అక్క పాటలు పాడటం మానేసింది. స్నానం మూడు చెంబుల్లో ముగించి బయటికి వచ్చేసేది. ఒకసారి దొడ్లో బట్టలు ఆరేస్తూ నాతో మామూలుగా అన్నట్టే అంది.

“కాలు బాగవ్వాలని నేనెప్పుడైనా ప్రార్థన చేశానేంట్రా? గడియ పెట్టుకుని నీళ్ళు పోసుకుంటే చాలు నాకు.”

అప్పటికి నేను రాజమండ్రిలో నీళ్ళ పంపులు తయారుచేసే ఒక చిన్న ఫౌండ్రీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి ఏడాది అయింది. పొద్దున్నే పాసింజరు ఎక్కి గోదావరి దాటి వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ దాటి రావడం. ఆ రోజు నుంచి నాకు రైల్లో, ఫౌండ్రీలో, అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. నేలని కదలకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. కదిలే నేలతో పాటు తూమునే కదిలిస్తే? గొట్టం మీద గిన్నెలాంటిది ఒకటి బిగించి, దాని లోపల మరలు కోసి, ఆ మరల్లో తిరిగే ఉంగరం మీద జాలీ కూర్చోబెడితే, సీసా మూత తిప్పినట్టు తిప్పి కావలసినంత ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. మధ్యాహ్నం భోజనాల వేళ పంపు డ్రాయింగుల వెనక గీయడం మొదలుపెట్టాను. మా లేతు మేస్త్రి, నా కంటే ఇరవై ఏళ్ళు పెద్దాయన, భుజం మీంచి తొంగిచూసి నవ్వాడు.

“ఏంటండి బాబుగారూ, పంపులు మానేసి తూముల్లో పడ్డారు?”

సంగతి చెప్పాను. నవ్వు ఆపేసి, ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా, యజమానిగారి అనుమతితో మిగిలిపోయిన ఇత్తడి కరిగించి పోతపోసి, మరలు కోసి, సబ్బురాయంత నున్నగా చేసి నా చేతిలో పెట్టాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోదావరి దాటిన ఆ సాయంత్రం నాకున్నంత గర్వం ఆ రైలు బ్రిడ్జి కట్టినవాడికి కూడా ఉండి ఉండదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే బిగించాను. ఫౌండ్రీ నుంచి రసమట్టం కూడా తెచ్చాను. జాలీ మీద పెట్టి, తిప్పి, సర్ది, ఆ గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకి వచ్చాక అక్కని పిలిచాను. అమ్మ గుమ్మంలో నిలబడింది. అక్క ఎడమ పాదాన్ని నెమ్మదిగా ఈడ్చుకుంటూ తూము మీదకి తెచ్చింది. ఆగిపోయింది. ఒక పక్క ఎత్తుగా ఉందిరా అంది. ఉండదన్నాను. ఉందిరా అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రసమట్టం మళ్ళీ పెట్టి, వెంట్రుకవాసి తేడా లేదు చూడమని, నువ్వు భయం కొద్దీ అంటున్నావని గొంతు పెంచాను. అక్క వంగి బుడగని చూసింది.

“నీ బుడగ సరిగ్గానే ఉందిలేరా. నేలే దాని మాట వినట్లేదు.”

అమ్మ పీట తెచ్చి గుమ్మంలో వేసుకుంది. ఆ పీట చప్పుడు నాకు చెంపదెబ్బలా తగిలింది. అక్క మటుకు ఇత్తడి బాగా మెరుస్తోందని మెచ్చుకుంటూ వెళ్ళిపోయింది. అది ఇంకా బాధ.

మర్నాడు మేస్త్రికి చెబితే ఆయన చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, నేలకి వాటం పెట్టిందెందుకండి, మట్టంగా ఉండటానికా అన్నాడు. నిజమే కదా. మనం మట్టం అనే ఒక్కమాటతో రెండు పనులు కానిచ్చేస్తాం. రసమట్టం చెప్పే మట్టం ఒకటి, నేలతో సమానంగా ఉండటమనే మట్టం ఒకటి. నీళ్ళు పోవడానికి నేల ఈశాన్యానికి వాలి ఉంటే, నేను జాలీని రసమట్టానికి తూచి కూర్చోబెట్టాను. ఒక అంచు పైకి లేచింది, ఒక అంచు దిగింది. డ్రాయింగు చదువుకున్నవాడిని, నాకు తట్టలేదు. అక్క పాదానికి ఒక్క క్షణంలో తెలిసింది.

వాలుకి తగ్గట్టు జాలీని ఏటవాలుగా కోసేస్తే సరిపోదు, ఎందుకంటే ఎత్తడానికి తిప్పినప్పుడల్లా ఆ వాలు కూడా తిరిగిపోతుంది. రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి ఒక సాయంత్రం వంటింట్లో కాఫీ తాగుతూ, అమ్మ మంచినీళ్ళ కుండ మీద చెయ్యి వేసి కూజాలోకి వంపుకోవడం చూశాను. ఎండుగడ్డి చుట్టకుదురు మీద ఉన్న కుండ. ఎటు వంచితే అటు వంగుతుంది, వదిలేసిన చోట ఉంటుంది, కుదురు కదలదు. కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి కాయితం కోసం పరుగెత్తాను. జాలీ అడుగు కుండలాగా గుండ్రంగా, ఉంగరం లోపలి అంచు కుదురులాగా ఉండాలి. ఎత్తు చూసుకోవడానికి ఉంగరం తిప్పాలి, వాలు చూసుకోవడానికి జాలీని ఎటు కావలిస్తే అటు వంచాలి, ఆపైన నడుమ ఒక మర బిగించాలి. మేస్త్రి బొమ్మ చూసి, ఇది అమ్మగారి డ్రాయింగండి, మీది కాదు అన్నాడు. ఆ మాట అమ్మకి చెబితే వారం రోజులు మురిసిపోయింది.

రెండోసారి బిగించినప్పుడు రసమట్టం తీసుకెళ్ళలేదు. నేను కింద కూర్చున్నాను, అక్క నిలబడి పాదంతో చెబుతూ వచ్చింది. ఇటు కొంచెం, ఆ మూల ఇంకాస్త, ఎక్కువైంది, దించు. పావుగంట పట్టింది. తర్వాత అక్క ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి పాదం ఈడ్చుకుంటూ నడిచి, ఎక్కడుందిరా తూము అంది. నేను తల ఎత్తలేదు, నా కళ్ళు అప్పుడు చూపించదగ్గట్టుగా లేవు.

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వారం రోజులు పీట మీద కూర్చునే చూసింది. ఎనిమిదో రోజు పీట దొడ్లోకి పట్టుకుపోయి దాని మీద కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. లోపల గడియ పడిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. అమ్మ చేట మీంచి కళ్ళు తీయలేదు గానీ, ఏరే చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపటికో, చాలా నెలల తర్వాత, అక్క పాట వినిపించింది. ఆ రోజు అండాలో నీళ్ళన్నీ అయిపోయాయి. స్కూలుకి ఆలస్యంగా వెళ్ళింది.

ఆ తర్వాత నేను ఉద్యోగాల మీద ఊళ్ళు తిరిగాను. యజమానిగారికి తూముల మీద ఆసక్తి లేకపోవడంతో ఆ డ్రాయింగు అక్కడే ఉండిపోయింది. అక్క మటుకు ఏడాదికి రెండుసార్లు, కాలవ కట్టేసినప్పుడూ వదిలినప్పుడూ, మర తిప్పడానికి మేస్త్రి చేసిచ్చిన తాళంచెవితో తనే తిప్పుకునేది. తిప్పినప్పుడల్లా నాకు కార్డు ముక్క రాసేది. కాలవ వదిలారు, చుట్టున్నర ఎత్తాను. కాలవ కట్టేశారు, రెండు చుట్లు దించాను. అందరం కులాసా. అంతే ఉండేది. అమ్మ పోయాక కూడా అందరం కులాసా అనే రాసేది, ఇంట్లో తనొక్కతే ఉన్నా. అప్పుడు వాటిని చదివి పక్కన పడేసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటైనా దొరికితే బావుండునని అల్మరాలన్నీ వెతుకుతాను.

అక్క పోయింది కాలవ వదిలిన రోజుల్లోనే. సమాధి దగ్గర నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళి, ఎందుకో కళ్ళు మూసుకుని పాదంతో తూము కోసం వెతికాను. దొరకలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, పోయే ముందు వారం కూడా చేతులారా సర్దుకుంది. ఇంటినిండా జనం ఉన్నారని చూడకుండా ఏడ్చాను.

ఇప్పుడు ఎవరింట్లో చూసినా నేలలు అద్దాల్లా ఉన్నాయి. మూడో అంతస్తులో మాకు కాలవ ఎప్పుడు కట్టారో ఎప్పుడు వదిలారో కూడా తెలియదు, కాళ్ళ కింద ఏదీ కదలదు. అయినా మొన్న వేసవిలో ఆ నున్నటి టైల్సు మీదే నేను జారాను. దెబ్బ పెద్దదేం కాదు గానీ అమ్మాయి హడలిపోయి, గరుకు టైల్సు వేయించింది, గోడకి పట్టుకునే కడ్డీలు పెట్టించింది, తలుపుకున్న గడియ ఊడదీయించింది. దగ్గరగా వేసుకోండి చాలు నాన్నా, నేనిక్కడే ఉంటాను అంటుంది. పాపం, రోజూ ఫోను పక్కన పెట్టి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. రెండు నిమిషాలకోసారి పిలుస్తుంది, నేను పలుకుతాను. అమ్మాయి తప్పేం లేదు, నా మీద ప్రేమే. అక్క అయితే ఒప్పుకునేది కాదు, తన కోసం ఒక నేలనే ఒప్పించుకుంది. నేను మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాను, మూడు చెంబుల్లో స్నానం ముగించుకుని బయటికి వచ్చేస్తున్నాను.