రైల్లో నేను చెప్పిన పాఠాలు

చదవడం ఎలాగో నాకు తెలుసు. అడిగిన మనిషికి చెప్పలేదు. ఇంత చిన్న విషయాన్ని ఇన్నేళ్లు మోయాలా అని మీకు అనిపించవచ్చు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది.

డెబ్బయ్యో దశకం మొదట్లో నేనూ, దేవదానం అన్నా తిరువళ్లూరులో ఒకే ఫ్యాక్టరీలో కూలీలం. తిరుత్తణిలో ఒకే రైలెక్కేవాళ్లం. ఆఫీసులో ఒక గుమాస్తా ఉద్యోగం మూడు నాలుగేళ్లలో ఖాళీ కాబోతోందని, డిగ్రీ ఉన్నవాడికే ఇస్తారని తెలిసి, ఇద్దరం పోస్టులో పాఠాలు పంపే బి.ఏ. కోర్సులో చేరాం. అడిగేవాడు లేడు, మందలించేవాడు లేడు. ఎవరికి వారే చదువుకోవాలి.

ముందురోజు చదివిన పాఠాన్ని నేను రైల్లో పుస్తకం మూసి అన్నకు వివరించేవాణ్ణి. ఎక్కడ తడబడితే అక్కడ నాకు రాలేదని తెలిసేది. ఇంటికెళ్లి ఆ చోటే మళ్లీ చదివేవాణ్ణి. చదువు అంటుతున్నది చెప్పే నాకేగాని వినే ఆయనకు కాదని కొన్నాళ్లకే అర్థమైంది. ఆయనకూ అనుమానం వచ్చినట్టుంది. ఒక పొద్దున అడిగాడు.

“తమ్ముడూ, నువ్వు జెప్తా ఉంటే అంతా తెలిసినట్టే ఉంటాది. పేపరు ముందర బెట్టుకుంటే ఒగటీ రాదు. ఈ పొద్దు నన్ను జెప్పనీ. తప్పుంటే దిద్దు.”

“నువ్వు జెప్పి ముగించేలోపల తిరువళ్లూరు గాదు, మెడ్రాసే వచ్చేస్తాది. ఊరికే వినన్నా, అదే సాలు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. మళ్లీ అడగలేదు.

ఎందుకన్నాను ఆ మాట? వేళాకోళానికా? కాదు. ఖాళీ ఒక్కటే. ఆయన చెప్పడం మొదలుపెడితే నన్ను దాటిపోతాడని భయం.

నేను పాసై గుమాస్తానయ్యాను. ఆయన తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. తమ్ముడు అంత బాగా చెప్పినా తన తలకాయకు ఎక్కలేదని అందరితో అనేవాడు, నా ఎదుట కూడా. కాదని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. చెప్పలేదు. ఉద్యోగం దక్కాక కూడా ఎందుకు దాచాను? ఆయన నన్ను పొగుడుతుంటే వినడం నాకు ఇష్టమై ఉండాలి.

మొన్న కనకమ్మ సత్రం అనే ఊళ్లో ఆయన ఇంటికి వెళ్లాను. వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చోమన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఒలిచే చేతులు ఆగాయి. నావైపు చూడలేదు. అయినా నిజం బయటికి వచ్చాక నాకు కొంచెం ఊపిరాడింది. అందుకు కూడా సిగ్గుపడ్డాను. లేచి నిలబడి అన్నాను.

“నీ తలకాయలో కొరతేమీ లేదన్నా. నేనే నిన్ను జెప్పనీలేదు. అడిగే మొగం నాకు లేదు, అయినా అడగతా ఉండాను. మన్నించన్నా.”