మారు వడ్డన

ఏలూరు షేర్ ఆటోల మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. వెనకాల ముగ్గురికి మాత్రమే అని రాసి ఉంటుంది. మనం ఎక్కేసరికి లోపల ఎనిమిది మంది ఉంటారు. ఇంకొకరికి చోటుందని డ్రైవరు ఎంతో మర్యాదగా, "కాస్త సర్దుకోండి" అంటాడు. రాసినదాన్ని పట్టించుకోనక్కర్లేదన్న పాఠం నాకు అక్కడే అబ్బిందేమో.

బీపీ అంచు మీద ఉందని ఏలూరు డాక్టరుగారు చెప్పారు. "ఒక నెల ఉప్పు తగ్గించి రండి. దిగితే సరే. దిగకపోతే రోజూ మాత్రే, జీవితాంతం." మాత్రంటే నాకు భయం లేదు. జీవితాంతం అన్న మాటే కొంచెం పొడుగ్గా అనిపించింది.

తాడేపల్లిగూడెం తిరిగొచ్చాక మా ఆవిడ వంటింట్లో సోదాలు మొదలుపెట్టింది. పొట్లాలన్నీ వెనక్కి తిప్పి చదివింది. "ఉప్పని రాయరండీ, సోడియం అని రాస్తారు. వంద గ్రాములకి ఎంతుందో ఆ గడి చూడండి" అంది. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి. సోడియం నీళ్ళలో వేస్తే భగ్గుమంటుందని తెలుసు. కారప్పూసలో కాపురముంటుందని తెలీదు. లేబులే లేని కొల్లేరు ఎండుచేపల్ని ఆవిడ విచారణ లేకుండా బహిష్కరించింది.

నేనూ చదివాను. మిక్చర్ పొట్లం మీద ఆ పక్కన ఇంకో గడి కనిపించింది. ఒక సర్వింగ్‌లో ఉండే సోడియం బహు స్వల్పం. నాకు ఈ గడే నచ్చింది.

పెంటపాడు నుంచి వచ్చిన మా అత్తగారు, "సర్వింగంటే ఏంటి అల్లుడుగారూ?" అన్నారు.

"ఒక వడ్డనండీ. ఇరవై గ్రాములు."

ఆవిడ అరచేతిలో అంత పోసుకుని చూశారు. "ఇదా! కాకికి కూడా ఇంతకంటే ఎక్కువే పెడతాం. అయినా మారు వడ్డించుకోకుండా ఎవరన్నా లేస్తారా?"

నిజమే. మా వైపు ఒక్క వడ్డనతో లేస్తే వంట బాగోలేదని అర్థం. మిక్చర్‌ని నొప్పించడం ఇష్టంలేక నెలంతా మారు వేసుకుంటూనే ఉన్నాను. మా ఆవిడ గుడి నుంచి వచ్చేలోగా రోజుకో పొట్లం గౌరవంగా ఖాళీ అయ్యేది.

నెల తిరిగాక మా ఆవిడతో కలిసి వెళితే బీపీ పెరిగింది.

"లేబుల్ చదివే తిన్నానండీ" అంటూ సాక్ష్యంగా తెచ్చిన ఖాళీ పొట్లం బల్ల మీద పెట్టాను. మా ఆవిడ పొట్లాన్ని కాదు, నన్ను చూసింది. డాక్టరుగారు దాన్ని వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, అడుగున సర్వింగులెన్నో రాసిన చోటుదాకా చదివారు. తర్వాత మందుల చీటీ దగ్గరికి లాక్కున్నారు.

"ఇది ఎనిమిది మందికండీ. మిగతా ఏడుగురూ బయట కూర్చున్నారా?"