జేజి చేతి మలీదా

మావాడికి పీరుస్వామి పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయను, వాడికి ఇష్టముండదు. అంతకుముందు పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోయారు. జమ్మలమడుగులో మా పక్కింటి తురకల ముసలమ్మ నా భార్యను చెయ్యి పట్టుకుని పీర్లచావిడికి తీసుకెళ్లి, బిడ్డ నిలబడితే స్వామి పేరు పెట్టుకుంటామని మొక్కించింది. మా వైపు ఇదేం వింత కాదు. మా బంధువుల్లోనే అట్లాంటి పేర్లవాళ్లు ఉన్నారు. బొట్టు పెట్టుకుంటారు, గుడికి పోతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

మావాడు ఆ ముసలమ్మను సొంత అవ్వలాగా జేజి అనే పిలిచేవాడు. పీర్లపండగకు ఆమె రొట్టెలు దంచి, బెల్లం కలిపి, నెయ్యి పోసి మలీదా చేసేది. మొదటి ఉండ వాడి నోట్లోనే పెట్టేది. "ఒరే, నా ఏలు కొరుకుతాండావు, వదలరా దొంగోడా!" అని ఆమె కేకలు, వాడి నవ్వులు మా ఇంటిదాకా వినపడేవి.

ఇప్పుడు వాడు పులివెందులలో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకొస్తే ఫోను కింద పెట్టడు. పోయినేడు ఒకరోజు ప్రొద్దుటూరులో నా బట్టల అంగడికి వచ్చి ఒక రీలు చూపించాడు. టోపీ పెట్టుకున్న తురకాయన ఎవడో ఎక్కడో వంటలో ఉమ్మేస్తున్నాడు. నిజమో అబద్ధమో దేవుడికే ఎరుక.

"చూడు నాయనా, వీళ్లంతా ఇట్లే చేస్తాండారు."

"యాడిదిరా అది?"

"యాడిదైతే ఏంది? రోజూ వస్తాండాయి."

"మన జేజి ఎప్పుడన్నా చేసిందా?"

"జేజి సంగతి వేరేలే."

ఎంత చెప్పాలో అంత చెప్పాను. గొంతు పోయేదాకా అరిచాను. నేను ఒక్కణ్ణి, ఆ ఫోనులో వాళ్లు వేలమంది. నా మాట వాడి చెవికెక్కలేదు.

పండగ రోజు ముసలమ్మ గిన్నెతో వచ్చింది. ఉండ తీసి వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు మొహం తిప్పుకుని, "దీంట్లో ఏం కలిపినావో ఏమో జేజీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"బెల్లమేరా. ఇంకేం కలుపుతా?"

వాడు ఫోను తీసి ఆ రీలు చూపించాడు. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చివరిదాకా చూసింది. ఉండను మళ్లీ గిన్నెలో పెట్టి వెళ్లిపోయింది.

చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. నా భార్య అడ్డం వచ్చింది. కొడితే మాత్రం ఏం లాభం, వాడి తలలోకి ఎక్కింది దిగుతుందా? ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. "పిల్లోడప్పా, పోనీలే" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఈ ఏడు పండగకు ఆమె మళ్లీ మా గడప తొక్కింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్లయింది నాకు. అంతలో చూశాను. ఆమె చేతిలో గిన్నె లేదు, బేకరీ స్వీటు డబ్బా ఉంది.

"అంగడిదే బిడ్డా. సీలు గూడా తీయలేదు, చూసుకో" అని డబ్బాను బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది.

వాడు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, సీలు చింపి, ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"శానా బాగుంది జేజీ. ఇట్లయితే ఏం ఇబ్బంది లేదు" అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆమె రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని తలూపింది.