ముఖం చెరిగిన ఫొటో

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువమంది మనుషుల్ని చూసినవాడు మా పెద్దనాన్న. ఏన్కూరు దాటి అడవి దగ్గరపడే దారిలో, వాగు పక్కన, ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఒక బల్ల, వెనక గదిలో నీలం పరదా, రెండు లైట్లు, అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. పెళ్లికైనా, కాగితాల మీద అంటించడానికైనా, పోయినవాళ్ల ఫొటో పెద్దది చేయించి గోడకు పెట్టుకోవడానికైనా చుట్టుపక్కల గూడేలవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు వాయుగుండం పట్టి మూడు రోజులు వాన విడవలేదు. నాలుగో రోజు పొద్దున వాగు రోడ్డెక్కింది. స్టూడియోలోకి నా నడుము దాకా నీళ్లొచ్చాయి. మర్నాడు వరద తీశాక తలుపు తోసుకుని వెళితే, నీలం పరదా బురద బరువుకు తెగి నేలమీద పడి ఉంది. దానికింద ఎవరో పడుకున్నట్టు అనిపించి నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. బల్ల సొరుగులు నాని ఉబ్బిపోయి రాలేదు. పెద్దనాన్న గడ్డపార పెట్టి విరగ్గొట్టాడు. లోపల, ఇంకా ఎవరూ తీసుకెళ్లని ఫొటోలన్నీ కవర్లతో సహా ముద్దలై ఉన్నాయి.

అమ్మా, పెద్దమ్మా పారలతో బురద ఎత్తిపోస్తుంటే పెద్దనాన్న నాకు ఫొటోలు కడిగే పని చెప్పాడు. బకెట్‌లో మంచినీళ్లు పెట్టి, ఎలా పట్టుకోవాలో చూపించాడు. "ముంచి తియ్యి బిడ్డా, తాడుకు తగిలియ్యి. వేలు మాత్రం పెట్టకు. తడిసిన ఫొటో పచ్చిపుండు లెక్క. ముట్టుకుంటే లేచొస్తది."

మధ్యాహ్నానికి గదిలో నాలుగు తాళ్ల నిండా మనుషులే. పెళ్లికూతుళ్లు, చంటిపిల్లలు, ముసలివాళ్లు, అందరి ముఖాల మీదుగా నీళ్లు కారుతున్నాయి. గాలికి ఒకేసారి నావైపు తిరిగేవారు. నేను వాళ్లను చూడకుండా తల వంచుకుని కడిగాను.

అలా తీసిన ఒక ఫొటోలో పిల్లవాడెవరో నిలబడి ఉన్నాడు. ఎర్ర అంగీ, పక్కకు వేలాడేసిన చేతులు. ముఖం మీద మాత్రం బురద. రెండుసార్లు ముంచినా పోలేదు. ఒక్క మరకే కదా అని బొటనవేలితో రుద్దాను. బురద వచ్చింది. దాంతోపాటే ముఖమూ వచ్చేసింది. అంగీ పైన తెల్లటి కాగితం మిగిలింది. నా వేలికి గోధుమరంగు అంటింది.

అప్పుడు కవరు చూశాను. దాని మీద పెద్దనాన్న రాత: 'పెద్దది చెయ్యాలి. ఒక్కటే ఉంది.'

ఆ కవరు ఎవరిదో నాకు తెలుసు. నెల కిందట అడవి లోపలి గూడెం నుంచి ఒకామె తెచ్చి ఇచ్చింది. అంతకుముందు ఏడు ఆమె కొడుకు జ్వరంతో పోయాడు. ఆ ఫొటో, జాతరలో తిరుగుతూ ఫొటోలు తీసే మనిషెవరో తీసిందట. పిల్లవాడి ఫొటో ఇంకెక్కడా లేదు. ఆమె చీర కొంగులోంచి విప్పి ఇస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను గానీ, ఫొటోను చూడలేదు.

నేను దాన్ని పాడైన ఫొటోల కుప్ప అడుగున దాచేశాను.

సంతరోజు ఆమె వచ్చింది. పెద్దనాన్న తాళ్లన్నీ వెతికాడు. కనిపించక నన్ను అడిగాడు. "వాగుల కొట్టుకపోయింది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆమె కాసేపు నన్నే చూసింది. తర్వాత "ఏడికి పోతది? కంపలల్ల తట్టుకుంటది" అని వాగువైపు వెళ్లిపోయింది.

స్టూడియో వెనక కిటికీలోంచి వాగు ఒడ్డు కనిపించేది. వరదకు చెత్తంతా కంపలకు చుట్టుకుని ఉంది. ఆమె ఒక కర్రతో ఆ చెత్త కదిపేది, ప్రతి కాగితం ముక్క దగ్గరా వంగేది, తిప్పి చూసి పడేసేది. ఆ రోజంతా తిరిగింది. మర్నాడు మళ్లీ వచ్చింది. మూడో రోజు మోకాళ్ల దాకా బురదలో దిగి కనిపించింది. కళ్లు మూసుకుంటే ఎర్ర అంగీ, దాని పైన తెల్లటి ఖాళీ.

ఆ రోజే పెద్దనాన్న దగ్గరికి వెళ్లి కుప్ప అడుగునుంచి ఫొటో తీసి చేతిలో పెట్టాను. కొడతాడనుకున్నాను. ఆయన దాన్ని చూస్తూ బల్లకు ఆనుకున్నాడు. వాగువైపు చూపించి అన్నాడు: "లేదని తెలిస్తే ఏడుస్తది. దొరుకుతదేమో అనుకుంటే తిరుగుతనే ఉంటది. ఆమెను గట్ల తిప్పొద్దు బిడ్డా. నడువు."

ఒడ్డుదాకా నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఫొటోను నా చేతికే ఇచ్చాడు. ఆమె ముందు నిలబడి, "నేనే రుద్దిన. వాగుల పోలే" అన్నాను. వెంటనే పెద్దనాన్న, "తప్పు నాదమ్మా. పిల్ల చేతికిచ్చిన" అన్నాడు.

ఆమె నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. బురదలోనే కూర్చుని, ఫొటోను మోకాలి మీద పెట్టుకుని, అంగీ మీద మెల్లగా వేలు పెట్టింది. "అంగీ ఉన్నది" అంది. అప్పుడు ఏడ్చింది. వాగు హోరులో కూడా ఆ ఏడుపు వినిపించింది. పెద్దనాన్న తల తిప్పుకోలేదు. నన్నూ తిప్పుకోనివ్వలేదు.

చాలాసేపటికి ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "వాని మొఖం చెప్త, ఇను" అంది. ఎడమ కనుబొమ మీద గాటు ఉండేదట, కట్టె తగిలి. ముందరి పన్ను సగం విరిగి ఉండేదట. నవ్వితే ఒక కన్ను చిన్నదయ్యేదట. చెవులు వాళ్ల నాయనవట. చెప్పడం అయ్యాక, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. నేను చెప్పాను. పన్ను సంగతి మరిచిపోతే మళ్లీ మొదటినుంచి చెప్పించింది.

ఆ ఫొటోను ఉన్నదున్నట్టే ఫ్రేము కట్టమంది. పెద్దనాన్న కట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఏ సంతకొచ్చినా ఆమె స్టూడియో గుమ్మంలో ఆగి, "ఎట్లుంటడు?" అని నన్ను అడిగేది. నేను చెప్పాక తల ఊపి వెళ్లిపోయేది. నేను చదువుకు ఖమ్మం హాస్టల్‌కు వెళ్లేదాకా ఇది ఆగలేదు.

ఆమె పోయి చాలా ఏళ్లైంది. ఇప్పుడు నేను దవాఖానాలో నర్సును. వరండాలో ఎదురుచూసేవాళ్లకు చెప్పాల్సిన మాటను దాచిపెట్టి "చూద్దాం, చూద్దాం" అని వాళ్లను తిప్పను. పక్కన కూర్చుని చెప్పేస్తాను. చెప్పి లేచి వెళ్లిపోను కూడా.

కానీ ఆ వాగు ఒడ్డు నాకిచ్చింది అదొక్కటే కాదు. బస్సులోనో, బడి గేటు దగ్గరో కనుబొమ మీద గాటున్న పిల్లవాడు కనిపిస్తే నా అడుగు ఆగిపోతుంది. వాడు నవ్వేదాకా నిలబడి చూస్తాను. రెండు కళ్లూ ఒకేలా నవ్వుతాయి. వాడు కాదు. నేనెన్నడూ చూడని ఆ ముఖాన్ని మొదటినుంచి చివరిదాకా మనసులో ఒకసారి చెప్పుకుని, అప్పుడు నడుస్తాను.